రూట్ పాస్‌వర్డ్ పోతే డేటాబేస్ ఎవరి మాట వింటుంది?

మన డీబీఎంఎస్ ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డ్ మర్చిపోతే అందరం చేసే పని ఒక్కటే. అన్‌ఇన్‌స్టాల్, మళ్ళీ ఇన్‌స్టాల్. పోయేది ఏముంది? ఎంప్లాయీ టేబుల్‌లో ఐదు వరుసలు, డిపార్ట్‌మెంట్ టేబుల్‌లో మూడు వరుసలు. రికార్డులో అవుట్‌పుట్ అతికించేసినాక వాటి మొహం ఎవ్వరూ చూడరు. అందుకే వైవాలో "అడ్మిన్ యాక్సెస్ పోతే ఏం చేస్తావు?" అని అడిగితే సగం మంది "రీఇన్‌స్టాల్ చేస్తా సార్" అనేస్తారు. నిజమైన డేటా ఉన్న చోట ఆ జవాబు ఎంత ప్రమాదమో, అసలు ఆ పని ఎట్లా చేయాలో ఈ వ్యాసంలో రాస్తున్నా.

ముందే ఒక మాట. మన పత్రికలో అంతా తెలుగు లిపిలోనే రాయాలి కాబట్టి కమాండ్ల పేర్లు చెవికి వినపడేట్టు రాస్తున్నా. స్పెల్లింగ్ కోసం టైప్ చేసేటప్పుడు ఆయా డేటాబేస్‌ల అధికారిక డాక్యుమెంటేషన్ పక్కన తెరిచి పెట్టుకోండి. ఇక్కడ మీకు కావాల్సింది కమాండ్ కాదు, అది ఎందుకు పనిచేస్తుంది అన్నది.

మాది నగరి. తిరుపతి నుంచి చెన్నై పోయే రోడ్డు మీద, తమిళనాడు సరిహద్దుకు ముందు వచ్చే ఊరు. నగరి, ఏకాంబరకుప్పం, అట్లా పుత్తూరు వైపు పోతే వీధి వీధికీ మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గం అంటే పవర్‌లూమ్. ఒక షెడ్డులో ఏముంటుందో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెప్తా. నూలు వస్తుంది, పడుగు బీములకు చుడతారు, పేక వేసి నేస్తారు, బట్ట మీటర్లలో కొలుస్తారు. కూలి ఆ మీటర్ల లెక్కనే. ఎవరికి ఎంత నూలు ఇచ్చినాం, ఎంత బట్ట తిరిగి వచ్చింది, ఎవరికి ఎంత అడ్వాన్సు ఉంది, ఈ వారం కూలిలో ఎంత పట్టుకోవాలి: ఇదీ లెక్క. ఒకప్పుడు ఇదంతా పొడుగు నోట్‌బుక్కుల్లో ఉండేది. ఇప్పుడు చాలామంది ఎవరో ఒక తెలిసిన పిల్లోడితో చిన్న సాఫ్ట్‌వేర్ రాయించుకున్నారు. దాని వెనక కంటికి కనపడకుండా ఒక మైఎస్‌క్యూఎల్లో, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్సో పరిగెత్తుతా ఉంటుంది. ఓనరుకు దాని పేరు కూడా తెలియదు. ఆ డేటాబేస్ పోయిందంటే పోయేది మూడు వరుసల టేబుల్ కాదు. ఒక నేతగాడు తీసుకున్న అడ్వాన్సు ఎంతో, తీర్చింది ఎంతో చెప్పే ఏకైక సాక్ష్యం పోతుంది. ఆ తర్వాత ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పాస్‌వర్డ్‌ను 'రికవర్' చేయడం అని అందరూ అంటారు గానీ, అట్లాంటిది లేదు. డేటాబేస్ దగ్గర మీ పాస్‌వర్డ్ ఉండదు, దాని హాష్ మాత్రమే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో 'మైఎస్‌క్యూఎల్' అనే పేరుతోనే ఒక సిస్టమ్ డేటాబేస్ ఉంది, అందులో 'యూజర్' అని ఒక టేబుల్ ఉంది. ఎవరెవరు లోపలికి రావచ్చు, ఏ మిషన్ నుంచి రావచ్చు, ఎవరి హాష్ ఏమిటి అన్నీ అందులోనే. హాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి తీయలేం. కాబట్టి పాతది కనుక్కోవడం కుదరదు, కొత్తది పెట్టడమే దారి. కొత్తది పెట్టాలంటే అడ్మిన్ అయి ఉండాలి. అడ్మిన్ కావాలంటే పాస్‌వర్డ్ కావాలి. పిచ్చి కుదిరితే పెళ్ళి, పెళ్ళయితేనే పిచ్చి కుదిరేది అన్నట్టు ఉంది కదా?

ఈ ముడి విప్పే సూత్రం ఒక్కటే, అన్ని డేటాబేస్‌లకూ అదే. డేటాబేస్ సర్వర్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఒక మామూలు ప్రోగ్రామ్. దాని డేటా అంతా డిస్కు మీద ఫైళ్ళు. ఆ ప్రోగ్రామ్‌ను ఆపి, వేరే పద్ధతిలో మళ్ళీ మొదలుపెట్టగలిగినవాడు, ఆ ఫైళ్ళను చదవగలిగినవాడు, అంటే ఆ మిషన్‌కు అడ్మిన్ అయినవాడు, డేటాబేస్‌కు పైవాడు. డేటాబేస్ తయారుచేసినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే మిషన్ యజమాని లోపలికి రావడానికి ప్రతి డేటాబేస్‌లోనూ ఒక దారి వాళ్ళే వదిలిపెట్టినారు. ఇది హ్యాకింగ్ కాదు, మాన్యువల్‌లో రాసి ఉన్న పద్ధతి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ఎవ్వరూ ఆలోచించరు. మిషన్ అడ్మిన్ చేతిలో ఉన్నవాడిని ఏ డేటాబేస్ పాస్‌వర్డూ ఆపలేదు. షెడ్డు కిటికీ దగ్గర కంప్యూటర్ పెట్టి, విండోస్‌కు పాస్‌వర్డ్ లేకుండా, డేటాబేస్‌కు మాత్రం పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టినారంటే, తడికె తలుపుకు ఇనుప తాళం వేసినట్టే.

రీసెట్ దాకా పోకముందు వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. మొదటిది, ఆ డేటాబేస్‌ను వాడే సాఫ్ట్‌వేర్ ఫోల్డర్. కాన్ఫిగ్ ఫైల్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పచ్చిగా, చదవగలిగేట్టు రాసి ఉంటాయి. ఇది చెడ్డ అలవాటే, కానీ ఈరోజు మనకు పనికొచ్చే చెడ్డ అలవాటు. రెండోది, మీది ఉబుంటు అయితే అక్కడ రూట్‌కు పాస్‌వర్డే ఉండకపోవచ్చు. ఉబుంటు ప్యాకేజీలో రూట్ అకౌంట్ 'ఆథ్ సాకెట్' అనే ప్లగిన్‌తో వస్తుంది. మీరు ఆపరేటింగ్ సిస్టమ్‌లో రూట్ అయితే చాలు, పాస్‌వర్డ్ అడగదు. ముందు 'సుడో' పెట్టి 'మైఎస్‌క్యూఎల్' అని కొడితే లోపలికి పోతాం. మారియాడీబీ 10.4 నుంచి కూడా ఇదే పద్ధతి. మన హాస్టల్‌లో రాత్రంతా రూట్ పాస్‌వర్డ్ కోసం తలలు పట్టుకున్న బ్యాచ్‌లకు ఇది తెలిసుంటే తొందరగా పడుకొని ఉండేవాళ్ళు. మూడోది, రెడ్ హ్యాట్ రకం లినక్స్‌లో 5.7 లేదా ఆ తర్వాతి మైఎస్‌క్యూఎల్‌ను కొత్తగా పెట్టినప్పుడు అది ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ తయారుచేసి తన లాగ్ ఫైల్‌లో రాస్తుంది. ఎవ్వరూ మార్చకపోతే అదే ఇంకా పనిచేస్తుంది. నాలుగోది ఎక్జాంప్. అందులో రూట్‌కు డిఫాల్ట్‌గా పాస్‌వర్డే ఉండదు, ఖాళీగా ఎంటర్ కొట్టి చూడండి.

ఇవేవీ పనిచేయని కేసు ఒకటి నేను దగ్గరుండి చూసినా. మా మామకు తెలిసినవాళ్ళ షెడ్డు. సాఫ్ట్‌వేర్ రాసిన అన్న బెంగళూరులో ఉద్యోగానికి పోయినాడు, నంబరు మారింది. సాఫ్ట్‌వేర్ బాగానే నడుస్తా ఉంది, కూలి లెక్కలు వస్తా ఉన్నాయి. సమస్య హార్డ్ డిస్కుది. రోజూ టక్ టక్ అని శబ్దం. డేటా బయటికి తీసి కొత్త మిషన్‌లో పెట్టాలి, అడ్మిన్ లేదు. మామ ఫోన్ చేసి, "ఒరే అబ్బయా, కంప్యూటరు చదువుతా ఉండావు కదా, ఒకసారి వచ్చి చూడు. వారం వారం కూలి పంచేది దాంట్లోనే" అన్నాడు. "చూస్తా మామా, నేను వచ్చే దాకా దాన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దని చెప్పు" అని చెప్పినా. కాలేజీలో ఒక సీనియర్ అన్నను అడిగి, ఏం చేయాలో వరుసగా పేపరు మీద రాసుకొని పోయినా.

ఆ అన్న చెప్పిన మొదటి మాటే ఈ వ్యాసం మొత్తంలో పనికొచ్చే మాట. "పాస్‌వర్డ్ సంగతి తర్వాత. ముందు సర్వీస్ ఆపి డేటా ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్." విండోస్‌లో సర్వీసెస్‌కు పోయి మైఎస్‌క్యూఎల్‌ను స్టాప్ చేయాలి. మామూలుగా 'ప్రోగ్రామ్ డేటా' అనే దాచిపెట్టిన ఫోల్డర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటా ఉంటుంది. దాన్ని, పక్కనే ఉన్న ఐఎన్ఐ ఫైల్‌ను బయటి డిస్కుకు కాపీ చేయాలి. నడుస్తా ఉండగా కాపీ చేస్తే పనికిరాదు, సగం రాసిన పేజీలు వస్తాయి. సర్వర్ పూర్తిగా ఆగినాక చేసిన కాపీని అదే వెర్షన్ మైఎస్‌క్యూఎల్ ఉన్న ఇంకో విండోస్ మిషన్‌లో పెట్టి మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్క టేబుల్ ఫైల్‌ను ఏరుకోవద్దు, ఫోల్డర్ మొత్తం కావాలి. ఇన్నోడీబీ అన్ని టేబుళ్ళకూ ఉమ్మడిగా వాడే ఫైళ్ళు అందులోనే ఉంటాయి.

దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదని గమనించినారా? డిస్కు ఆ రాత్రే చచ్చిపోయినా లెక్కలు బతికే ఉంటాయి. ఇంకా మంచి సంగతి, ఇక ప్రయోగాలన్నీ నా ల్యాప్‌టాప్‌లో, కాపీ మీద చేసుకోవచ్చు. అసలు మిషన్ జోలికి పోవాల్సిన పనే లేదు.

ఇప్పుడు మైఎస్‌క్యూఎల్ తాళం తీసే రెండు దారులు. వెతికితే మొదట కనపడేది 'స్కిప్ గ్రాంట్ టేబుల్స్'. సర్వర్‌ను ఈ ఆప్షన్‌తో మొదలుపెడితే అది యూజర్ టేబుల్‌ను అసలు చదవదు. ఎవరొచ్చినా పాస్‌వర్డ్ లేకుండా రానిస్తుంది, అందరికీ అన్ని అధికారాలూ ఇస్తుంది. అందరికీ అన్న మాట మళ్ళీ చదవండి. మీకు మాత్రమే కాదు, ఆ నెట్‌వర్క్‌లో 3306 పోర్టు తట్టిన ప్రతి ఒక్కరికీ. 8.0లో దీన్ని వాడితే సర్వర్ తనంతట తానే నెట్‌వర్క్ కనెక్షన్లు మూసేస్తుంది. పాత వెర్షన్లలో అట్లా కాదు, 'స్కిప్ నెట్‌వర్కింగ్' అనే ఆప్షన్ కూడా మనమే పెట్టాలి. లేదంటే నెట్ కేబుల్ పీకేయండి, అది ఇంకా సులభం.

ఇంకో చిక్కు. ఈ పద్ధతిలో లోపలికి పోయి నేరుగా 'ఆల్టర్ యూజర్' కొడితే ఒప్పుకోదు, గ్రాంట్ టేబుళ్ళు చదవలేదు కాబట్టి ఆ పని చేయలేనంటుంది. ముందు 'ఫ్లష్ ప్రివిలేజెస్' కొట్టాలి. అప్పుడు అది టేబుళ్ళను చదువుకుంటుంది, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మారుతుంది. పాత ట్యుటోరియల్స్‌లో యూజర్ టేబుల్‌లో 'పాస్‌వర్డ్' కాలమ్‌ను అప్‌డేట్ చేయమని ఉంటుంది. 5.7లో ఆ కాలమే తీసేసినారు. అది పనిచేయక మనవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోయి రీఇన్‌స్టాల్‌కు పోతారు.

రెండో దారి 'ఇనిట్ ఫైల్'. నాకు ఇదే నచ్చుతుంది. ఒక టెక్స్ట్ ఫైల్‌లో మనకు కావాల్సిన ఎస్‌క్యూఎల్ వాక్యం రాసి, సర్వర్ మొదలయ్యేటప్పుడు ఆ ఫైల్ పేరు చెప్తాం. సర్వర్ లేస్తూనే ఆ వాక్యాన్ని తానే అమలు చేస్తుంది. తలుపులు బార్లా తెరవడం అనేదే ఉండదు, యూజర్ టేబుల్ యథావిధిగా పనిచేస్తానే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా ముందు ఈ పద్ధతినే చెప్తుంది. విండోస్‌లో అయితే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోంచి, ఇన్‌స్టాలర్ వాడిన ఐఎన్ఐ ఫైల్ పేరు కూడా ఇస్తా మొదలుపెట్టాలి. లేకపోతే అది వేరే డేటా ఫోల్డర్ వెతుక్కుంటుంది. లినక్స్‌లో అయితే మైఎస్‌క్యూఎల్ అనే యూజర్‌గానే మొదలుపెట్టాలి. రూట్‌గా మొదలుపెడితే కొన్ని ఫైళ్ళు రూట్ పేరు మీద తయారై, తర్వాత మామూలుగా లేవమంటే సర్వర్ లేవదు.

ఆ ఫైల్‌లో ఏ వాక్యం రాయాలి? అందరూ రాసేది రూట్ పాస్‌వర్డ్ మార్చే వాక్యం. సీనియర్ అన్న మాత్రం వద్దన్నాడు. "ఆ సాఫ్ట్‌వేర్ ఏ అకౌంట్‌తో లోపలికి పోతా ఉందో నీకు తెలుసా?" తెలియదు. పాస్‌వర్డ్ ప్రోగ్రామ్ లోపలే కలిపేసి ఉంది, కాన్ఫిగ్ ఫైల్ లేదు. ఒకవేళ అది రూట్‌తోనే పోతా ఉంటే? మనం రూట్ పాస్‌వర్డ్ మార్చిన క్షణమే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. దాన్ని మార్చడానికి సోర్స్ కోడ్ లేదు, రాసినవాడు లేడు. మనకు అడ్మిన్ దొరుకుతుంది, షెడ్డుకు కూలి లెక్క ఆగిపోతుంది.

కాబట్టి తాళం మార్చలేదు, ఇంకో తాళంచెవి చేయించినాం. ఇనిట్ ఫైల్‌లో రెండే వాక్యాలు. ఒకటి, ఈ మిషన్ నుంచి మాత్రమే రాగలిగిన కొత్త యూజర్‌ను తయారుచేసేది. రెండోది, ఆ యూజర్‌కు అన్ని అధికారాలూ, ఇంకొకరికి అధికారం ఇచ్చే అధికారంతో సహా, ఇచ్చేది. ఒక్కో వాక్యం ఒక్కో లైన్‌లో. ల్యాప్‌టాప్‌లో కాపీ మీద పనిచేసింది. తర్వాతే ఓనరును అడిగి, ఆయన ఎదురుగానే అసలు మిషన్‌లో చేసినాం. కొత్త యూజర్‌తో లోపలికి పోయి 'షో ప్రాసెస్ లిస్ట్' కొడితే కనపడింది: సాఫ్ట్‌వేర్ రూట్‌తోనే కనెక్ట్ అయి ఉంది. అన్న అనుమానం నిజమే. రూట్‌ను ముట్టుకోకుండా డంప్ తీసినాం. మామ మాత్రం "ఇంతేనా? ఇంత సులువైతే తాళం ఎందుకురా?" అన్నాడు. మంచి ప్రశ్న, దాని గురించి కింద రాస్తా.

మిగతా డేటాబేస్‌లు కొంచెం వేగంగా చెప్తా. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరు ఎట్లా లోపలికి రావాలో పాస్‌వర్డ్‌కు ముందే ఇంకో ఫైల్ నిర్ణయిస్తుంది. దాని పేరు పీజీ హెచ్‌బీఏ కాన్ఫ్. పైనుంచి కిందికి చదువుతా, మొదట సరిపోయిన లైన్‌నే అది పాటిస్తుంది, కింద ఏమున్నా పట్టించుకోదు. లినక్స్‌లో లోకల్ కనెక్షన్లకు సాధారణంగా 'పీర్' అని ఉంటుంది. అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నువ్వు పోస్ట్‌గ్రెస్ యూజర్ అయితే డేటాబేస్‌లో కూడా పోస్ట్‌గ్రెస్‌వే. అట్లా ఉంటే సుడోతో పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా పీఎస్‌క్యూఎల్ తెరిస్తే చాలు. విండోస్‌లో ఆ సౌకర్యం లేదు. లోకల్‌హోస్ట్ లైన్‌లో ఉన్న పద్ధతిని కాసేపు 'ట్రస్ట్' అని మార్చి, సర్వర్‌ను రీలోడ్ చేసి, పాస్‌వర్డ్ లేకుండా పోయి, కొత్తది పెట్టి, ఫైల్‌ను మళ్ళీ పాతట్టే మార్చి, మళ్ళీ రీలోడ్ చేయాలి. ఆఖరి రెండు మెట్లు మర్చిపోతే ఆ మిషన్‌లో కూర్చున్న ప్రతివాడూ సూపర్‌యూజరే. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఎస్‌క్యూఎల్ వాక్యం కాకుండా పీఎస్‌క్యూఎల్ లోపలి 'బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్' కమాండ్ వాడండి. అది హాష్ చేసినాకే సర్వర్‌కు పంపుతుంది, లాగుల్లో పచ్చి పాస్‌వర్డ్ మిగలదు. ఇంకొకటి, పీజీ అడ్మిన్ తెరవగానే అడిగే 'మాస్టర్ పాస్‌వర్డ్' పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ కాదు. మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లకు పీజీ అడ్మిన్ వేసుకున్న తాళం అది. అది మర్చిపోతే డేటాబేస్‌కు ఏమీ కాదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎస్ఏ' అనే అకౌంట్ పెద్దది. ఒకప్పుడు విండోస్ అడ్మినిస్ట్రేటర్లందరూ డిఫాల్ట్‌గా డేటాబేస్ అడ్మిన్‌లే. 2008 వెర్షన్ నుంచి అట్లా ఇవ్వడం ఆపేసినారు. కానీ దారి ఉంచినారు: సర్వర్‌ను 'మైనస్ ఎం' అనే స్టార్టప్ పారామీటర్‌తో, అంటే సింగిల్ యూజర్ మోడ్‌లో లేపితే, విండోస్ అడ్మినిస్ట్రేటర్ గ్రూపులో ఉన్నవాడు సిస్‌అడ్మిన్‌గా లోపలికి పోవచ్చు. అక్కడ కొత్త లాగిన్ చేసి, సిస్‌అడ్మిన్ రోల్‌లో కలిపి, పారామీటర్ తీసేసి మళ్ళీ మామూలుగా లేపాలి. పేరులోనే ఉంది, సింగిల్ యూజర్. ఉండేది ఒక్కటే సీటు. మీరు కనెక్ట్ అయ్యేలోపు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంటో, షెడ్డులోని బిల్లింగ్ సాఫ్ట్‌వేరో ఆ సీటులో కూర్చుంటాయి. పండగ ముందు రోజు తిరుపతి బస్సులో కిటికీలోంచి టవల్ వేసినట్టు! అందుకే ముందు ఏజెంట్‌ను ఆపాలి, లేదంటే 'మైనస్ ఎం' పక్కనే ఎస్‌క్యూఎల్ సీఎండీ పేరు రాసి ఆ ప్రోగ్రామ్‌కే సీటు రిజర్వ్ చేయాలి.

ఒరాకిల్‌లో అయితే రహస్యమే లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీబీఏ గ్రూపులో ఉన్న యూజర్ పాస్‌వర్డ్ లేకుండానే సిస్‌డీబీఏగా పోవచ్చు. క్లౌడ్‌లో ఉన్న డేటాబేస్ అయితే కథ మారుతుంది. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో మీకు ఆపరేటింగ్ సిస్టమే ఇవ్వరు. మాస్టర్ పాస్‌వర్డ్‌ను కన్సోల్‌లోంచి మార్చుకోవాలి. అంటే అక్కడ యజమాని అంటే మిషన్ ఉన్నవాడు కాదు, క్లౌడ్ అకౌంట్ ఉన్నవాడు. ఆ అకౌంట్ ఫైనలియర్ ప్రాజెక్టు చేసిన పిల్లోడి సొంత మెయిల్ ఐడీ మీద ఉంటే, డేటా కూడా వాడి చేతిలోనే ఉన్నట్టు.

ఈ పద్ధతులు పనిచేయని చోటు ఒకటి ఉంది. తాళం వేయడం వేరు, ఎన్‌క్రిప్ట్ చేయడం వేరు. పైన చెప్పినవన్నీ డేటా డిస్కు మీద మామూలుగా చదవగలిగేట్టు ఉంది కాబట్టే పనిచేస్తాయి. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, మన చిత్తూరు జిల్లావి కూడా వాటిలో ఉన్నాయి. అట్లాంటప్పుడు మిషన్ అడ్మిన్ మీరే అయినా లాభం లేదు. సర్వర్‌ను ఏ పద్ధతిలో లేపినా, చదవడానికి ఫైళ్ళలో అర్థమయ్యేది ఏమీ మిగలదు. అక్కడ పనికొచ్చేది వేరే చోట దాచిన బ్యాకప్ ఒక్కటే. మామ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే సగం ఉంది. డేటాబేస్ తాళం నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్ళను, పక్క సీటువాళ్ళను ఆపడానికి. మిషన్‌నే ఎత్తుకుపోయేవాడిని ఆపాలంటే డిస్కు ఎన్‌క్రిప్షన్ కావాలి. కానీ దాని కీ పోగొట్టుకుంటే, అప్పుడు యజమాని కూడా దొంగతో సమానమే, ఇద్దరికీ దొరకదు.

మిగతా సగం జవాబు మనుషులకు సంబంధించింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర ప్రభుత్వానికి ఫైబర్‌వ్యాన్ అని ఒక నెట్‌వర్క్ ఉండేది. దాన్ని చూసుకునే ఇంజనీర్ టెర్రీ చైల్డ్స్. 2008 జులైలో ఆయన పాస్‌వర్డ్‌లు పైఅధికారులకు ఇవ్వనన్నాడు, అరెస్టయినాడు. అది డేటాబేస్ కాదు, రౌటర్లు, స్విచ్‌లు. కానీ మన షెడ్డు కేసుతో పోల్చి చూడండి: నెట్‌వర్క్ బాగానే నడుస్తా ఉంది, దాన్ని మార్చే అధికారం మాత్రం ఒక్క మనిషి తలకాయలో ఉంది. రౌటర్లకూ మన ఇనిట్ ఫైల్ లాంటి దారి ఉంటుంది కదా, దగ్గరికి పోయి రీసెట్ చేసుకోవచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. ఆ దారిని కూడా కొన్ని పరికరాల్లో ఆయన మూసేసి ఉన్నాడు. చివరికి జైలుకు స్వయంగా వచ్చిన మేయర్ గావిన్ న్యూసమ్‌కు మాత్రమే పాస్‌వర్డ్‌లు చెప్పినాడు. 2010లో కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. తాను నెట్‌వర్క్‌ను కాపాడుతున్నానని ఆయన వాదన. నాకు ఆయన మీద కొంచెం సానుభూతి ఉంది, నిజం చెప్పాలంటే. చేతకానివాళ్ళకు పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుందో మన ల్యాబ్‌లో చూస్తానే ఉన్నాం. అయినా, ఇల్లు కట్టిన మేస్త్రీ తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానంటే ఎట్లా కుదురుతుంది?

మనవైపు కూడా చట్టం ఇదే తిప్పి చెప్తుంది. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని లేదా ఆ కంప్యూటర్‌కు బాధ్యుడైన వ్యక్తి అనుమతి లేకుండా అందులోకి పోవడమే తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. టెక్నిక్ ఒక్కటే, అనుమతి ఉంటే రిపేరు, లేకపోతే నేరం. కాబట్టి ఊర్లో ఎవరైనా "మా పాత పార్ట్‌నర్ మిషన్‌లో లెక్కలు తీసి పెట్టు అబ్బయా" అంటే, ఆ మిషన్ ఎవరిదో ముందు అడగండి. ఓనరుతో వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకున్నా మంచిదే.

యాక్సెస్ వచ్చినాక ఆగిపోవద్దు, పని ఇంకా ఉంది. యూజర్ టేబుల్‌ను ఒకసారి చదవండి. మైఎస్‌క్యూఎల్‌లో అకౌంట్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ హోస్టూ కలిపి. లోకల్‌హోస్ట్ రూట్ ఒకటి, ఎక్కడినుంచైనా రాగలిగే పర్సెంట్ గుర్తు రూట్ ఇంకొకటి ఉండవచ్చు. మొదటిదానికి పాస్‌వర్డ్ మార్చి సంతోషపడితే రెండోది పాత పాస్‌వర్డ్‌తోనే బయటికి తెరిచి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు దాని డేటాబేస్ వరకే అధికారం ఉన్న వేరే యూజర్‌ను ఇవ్వండి. షెడ్డులో లాగా సోర్స్ కోడ్ లేక అది కుదరకపోతే, కనీసం 3306 పోర్టును ఫైర్‌వాల్‌లో మూసేయండి. కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి ఓనరు చేతికే ఇవ్వండి, బీరువాలో పత్రాలతో పాటు పెట్టుకుంటారు. 'పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదు' అని మనకు నేర్పించినారు గానీ, ఒక్క మనిషికే తెలిసిన పాస్‌వర్డ్ కన్నా బీరువాలోని కాగితం నయం.

తీసిన డంప్‌ను ఇంకో మిషన్‌లో ఎక్కించి చూడకుండా బ్యాకప్ అనకండి. ఎక్కించి, పెద్ద టేబుళ్ళలో వరుసల సంఖ్య రెండు చోట్లా ఒకటేనా, ఆఖరి వారం కూలి మొత్తం రెండు చోట్లా ఒకటేనా చూడండి. రూట్ యూజర్లు, స్టోర్డ్ ప్రొసీజర్లు మామూలు డంప్‌లో వాటంతట అవి రావు, వేరేగా అడగాలి. అన్నీ సరిపోయినాక పాస్‌వర్డ్ రాసిన ఆ ఇనిట్ ఫైల్‌ను డిలీట్ చేయండి. రీసైకిల్ బిన్‌లోంచి కూడా.